టంకశాల తప్పు, కాలం చేసిన గాయం, మనిషి చేసిన కల్పన: నాణేల పరిశీలనలో దోషనిర్ధారణ

వ్యాససంగ్రహం

నాణెం మీద కనిపించే ప్రతి వికారమూ టంకశాలలో జరిగిన తప్పు కాదు. చెలామణిలో తగిలిన దెబ్బలు, మట్టిలో పట్టిన తుప్పు, లాభాపేక్షతో చేసిన మార్పులు కూడా తప్పుల్లాగే కనిపిస్తాయి. వీటిని వేరుచేయడానికి లోహం ఎప్పుడు, ఏ దిశగా కదిలిందన్న ప్రశ్న ఎలా ఉపకరిస్తుందో ఈ వ్యాసం వివరిస్తుంది. యంత్రటంకణానికి వర్తించే లక్షణాలను మొదట చర్చించి, అవే లక్షణాలు శాతవాహనుల నాణేలకూ నిజాముల చేతిటంకణానికీ ఎంతవరకు వర్తిస్తాయో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: టంకణదోషం, హాని, కల్పన, పునర్ముద్రణ, హాలి సిక్కా, శాతవాహన నాణేలు, సైఫాబాద్ టంకశాల

1. ప్రవేశిక

హైదరాబాదు నుంచి కరీంనగర్ మీదుగా సాగే రాజీవ్ రహదారికి సిద్ధిపేట మధ్యమజిలీ. ఆ దారికి ఒక కొసన సైఫాబాద్, చర్లపల్లి టంకశాలలున్నాయి. మరో కొస వైపు శాతవాహనుల కాలపు నాణేలు దొరికిన పెద్దబంకూరు, ధూళికట్ట, కోటిలింగాల ఉన్నాయి. 2016 అక్టోబరు 11న ప్రత్యేక జిల్లా అయ్యేంతవరకు సిద్ధిపేట ఏ మెదక్ జిల్లాలో భాగమో, ఆ జిల్లాలోనిదే కొండాపూర్. రెండువేల ఏళ్లనాటి సీసపు బిళ్ల మొదలుకొని నిన్నటి ఇరవై రూపాయల నాణెం దాకా పరిశీలించదలచిన వారికి ఇంతకన్నా అనువైన ప్రాంతం అరుదు.

అయితే ఈ ప్రాంతంలోనూ నాణేల గురించి ఎక్కువగా వినిపించే మాట చరిత్రకు సంబంధించినది కాదు. వైష్ణోదేవి బొమ్మ ఉన్న నాణేనికి లక్షలు వస్తాయని, అచ్చు తప్పిన రూపాయి ఇంట్లో ఉంటే అదృష్టం పండినట్లేనని ఫోన్లలో ప్రకటనలు తిరుగుతుంటాయి. తమ పేరునూ చిహ్నాన్నీ వాడుకొని, పాత నోట్ల, నాణేల క్రయవిక్రయాల నెపంతో కొందరు ప్రజలనుంచి రుసుములు, కమీషన్లు, పన్నులు అడుగుతున్నారనీ, తమకు అటువంటి వ్యవహారాలతో సంబంధం లేదనీ రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టు 4న హెచ్చరించవలసి వచ్చింది. ఇది సామాన్యుని జేబుకు సంబంధించిన నష్టం. పరిశోధకునికి కలిగే నష్టం వేరు. దెబ్బతిన్న అక్షరాన్ని అసలు అక్షరంగా చదివితే, లేని రాజు చరిత్రలోకి ప్రవేశిస్తాడు.

తాళపత్రాలతో పరిచయమున్న తెలుగు పరిశోధకునికి ఈ సమస్య కొత్తది కాదు. ప్రతి రాసేటప్పుడు లేఖకుడు చేసిన పొరపాటు ఒకటి, పురుగు తిని పోయిన అక్షరం మరొకటి, తరువాతివారు కావాలని చేర్చిన ప్రక్షిప్తం ఇంకొకటి. మూడూ పాఠాన్ని చెడగొట్టినవే అయినా పరిష్కర్త మూడింటినీ ఒకే గాటన కట్టడు. నాణేల విషయంలోనూ ఇదే విభాగం వర్తిస్తుంది. టంకశాల గడప దాటకముందు జరిగినది టంకణదోషం. దాటిన తరువాత తనంతట తాను జరిగినది హాని. దాటిన తరువాత బుద్ధిపూర్వకంగా జరిగినది కల్పన.

2. బిళ్ల నాణెంగా మారే క్రమం

దోషాన్ని గుర్తించాలంటే నిర్దోషమైన నాణెం ఎలా తయారవుతుందో తెలియాలి. లోహాన్ని కరిగించి పోతపోసి, రోలర్ల మధ్య నొక్కి పట్టీలుగా సాగదీస్తారు. ఆ పట్టీలనుంచి గుండ్రని బిళ్లలు కత్తిరిస్తారు. బిళ్లలను వేడిచేసి మెత్తబరచి, శుభ్రం చేసి, అంచును లోపలికి నొక్కి కొద్దిగా గట్టు లేపుతారు. తరువాత బిళ్ల రెండు ఉక్కు అచ్చుల మధ్యకు చేరుతుంది. టంకశాలలో వీటిని డైలంటారు. బిళ్లచుట్టూ కాలర్ అనే ఉక్కు వలయం ఉంటుంది. ఒక్క దెబ్బతో బొమ్మ, బొరుసు రెండూ పడతాయి. అదే క్షణంలో లోహం అన్నివైపులా పాకి కాలర్‌ను ఒరుసుకొని ఆగుతుంది. అంచుమీది నిలువు గాట్లు కూడా సాధారణంగా ఆ కాలర్ వల్ల పడేవే.

ఈ క్రమాన్ని బట్టి టంకణదోషాలు మూడు తావులలో పుడతాయి: బిళ్లలో, అచ్చులో, దెబ్బలో. ఈ మూడింటిలో దేనికీ చెందని వికారం కనిపిస్తే అది గడప దాటాక జరిగినదని అనుమానించాలి. నాణేన్ని చేతిలోకి తీసుకోగానే అడగవలసిన మొదటి ప్రశ్న దీని ధర ఎంత అన్నది కాదు, ఈ యంత్రాలలో ఏది దీన్ని ఇలా చేయగలదు అన్నది. ఆ ప్రశ్నకు జవాబు లేకపోతే అపురూపమైన దోషమని చెప్పే వాదన అక్కడే నిలిచిపోతుంది.

3. లోహం చెప్పే సాక్ష్యం

అనుభవజ్ఞులు మొదట గమనించేది ఎత్తుపల్లాలను. అచ్చు పగిలితే ఆ పగులులోకి లోహం చొచ్చుకొనిపోయి నాణెం మీద సన్నని గీత పైకి లేస్తుంది. అచ్చు అంచు ముక్క ఊడితే ఆ చోట నాణెం మీద బొమ్మ లేని ముద్ద మిగులుతుంది. దెబ్బ అలా కాదు. అది లోహాన్ని లోపలికి తొలిచి, తొలిచిన లోహాన్ని పక్కకు నెడుతుంది. కాబట్టి ఎత్తుగా ఉన్న గీతకు అచ్చు కారణమని, పల్లంగా ఉన్న గీతకు బయటి దెబ్బ కారణమని స్థూలంగా చెప్పుకోవచ్చు. ఈ సూత్రానికి మినహాయింపులు లేకపోలేదు. అచ్చుకూ బిళ్లకూ మధ్య నూనెముద్దో, గుడ్డపోగో, లోహపు రజనో చిక్కితే నాణెం మీద పల్లమే పడుతుంది. అచ్చు గుంటలో జిడ్డు నిండితే అక్షరం మాయమవుతుంది. అప్పుడు ఎత్తుపల్లాలను వదిలి ఉపరితలాన్ని చూడాలి. జిడ్డువల్ల పోయిన అక్షరం చోట నాణెపు సహజమైన మెరుపు చెదరకుండా ఉంటుంది, ఏటవాలు వెలుతురులో అక్షరపు ఛాయ కూడా కనిపించవచ్చు. గీకి తీసేసిన చోట సమాంతరంగా సన్నని గీతలు మిగులుతాయి, మెరుపు తెగిపోతుంది.

టంకశాల గుర్తుల విషయంలో ఈ తేడాకు ప్రత్యేక ప్రాధాన్యముంది. నేటి నాణేలపై సంవత్సరం కింద నక్షత్రం ఉంటే హైదరాబాదు, వజ్రపు ఆకారం ఉంటే ముంబయి, చుక్క ఉంటే నోయిడా. ఏ గుర్తూ లేనిది కోల్‌కతా. ఒక సంవత్సరంలో కోల్‌కతా నాణేలు తక్కువగా వచ్చి ఉంటే, హైదరాబాదు నాణెం మీది నక్షత్రాన్ని గీకి కోల్‌కతా నాణెంగా చూపే ప్రలోభం కలుగుతుంది. జిడ్డు నిండి నక్షత్రం పడని నాణేలూ ఉంటాయి కనుక, గుర్తు లేకపోవడం ఒక్కటే దేనికీ రుజువు కాదు.

ఒక నాణెం అచ్చుకు అతుక్కుపోయి బయటికి రాకపోతే, తరువాత వచ్చిన బిళ్లకు ఒకవైపు మామూలు బొమ్మ పడుతుంది. రెండోవైపు అతుక్కున్న నాణెమే అచ్చుగా పనిచేసి అదే బొమ్మను అద్దంలో చూసినట్లు తలకిందులుగా, పల్లంగా ముద్రిస్తుంది. నాణేల సేకర్తలు దీన్ని బ్రోకేజ్ అంటారు, దీనికి మంచి ధర పలుకుతుంది. రెండు నాణేలను కలిపి బెంచివైసులో బిగించినా పల్లపు బొమ్మ పడుతుంది. తేడా ఎక్కడంటే, నిజమైన బ్రోకేజ్‌లో ఆ వైపున పడవలసిన అసలు బొమ్మ ఎన్నడూ పడలేదు. వైసులో బిగించిన నాణెంలో ఆ బొమ్మ ముందే పడి ఉంది, ఇప్పుడు నలిగి చదునై పల్లపు బొమ్మ అడుగున ఇంకా కనిపిస్తూనే ఉంటుంది. పాత రాతను పూర్తిగా చెరపకుండా పైన రాసినట్లన్నమాట. నలిగిన అసలు బొమ్మ ఒక్కచోట కనిపించినా ఆ నాణెం కల్పనే.

అంచు తెగిన నాణేలది మరో కథ. పట్టీనుంచి బిళ్లలు కత్తిరించే యంత్రం పట్టీ సరిగా జరగకముందే దిగితే, అంతకుముందు కోసిన గుంటలో కొంత భాగం కలిసి, నెలవంకలా కొరికినట్లున్న బిళ్ల వస్తుంది. ఆ బిళ్ల గట్టు లేపే యంత్రంలోకి వెళ్లినప్పుడు, తెగిన భాగానికి సరిగ్గా ఎదురుగా ఉన్న అంచుకు ఒత్తిడి అందదు. కాబట్టి నాణెం తయారయ్యాక కూడా ఆ ఎదుటి వైపు గట్టు బలహీనంగా ఉంటుంది. బ్లేక్స్లీ ప్రభావం అని దీనికి పేరు. తెగిన చోటుకు దగ్గరి అక్షరాలు కూడా ఆ ఖాళీ వైపు సాగి ఉంటాయి, ఎందుకంటే దెబ్బ పడినప్పుడు లోహానికి అటువైపు అడ్డు లేదు. కత్తెరతోనో ఆకురాయితోనో తరువాత కోసిన నాణెంలో అక్షరం ఉన్నపళంగా తెగుతుంది, ఎదుటి గట్టు యథాతథంగా ఉంటుంది. కల్పన చేసేవాడు కోసిన చోటనే దృష్టి పెడతాడు. ఎదుటి అంచు గురించి అతనికి తట్టదు. ఈ ప్రభావం ప్రతి నాణెంలోనూ ఒకే స్పష్టతతో కనిపించదు కాబట్టి, అది ఉండటం నిజానికి బలమైన సాక్ష్యమే అయినా లేకపోవడం అబద్ధానికి అంతటి సాక్ష్యం కాదు.

తూకం గురించి కొంత జాగ్రత్త అవసరం. 2011 శ్రేణి రూపాయి బరువు 3.79 గ్రాములు, రెండు రూపాయలది 4.85 గ్రాములు. రూపాయి బిళ్లమీద రెండు రూపాయల అచ్చు పడితే బరువు 3.79 గ్రాములు తూగాలి, బిళ్ల చిన్నది కాబట్టి గట్టు సరిగా ఏర్పడక అంచు అక్షరాలు సగంలో జారిపోవాలి. ఆమ్లంలో వేసి బరువు తగ్గించిన నాణెంలో అక్షరాలు తమ చోటనే ఉండి అన్నివైపులా సమానంగా కరిగి మెత్తబడతాయి. అయితే 1992 నుంచి 2004 వరకు వచ్చిన స్టెయిన్‌లెస్ స్టీలు రూపాయి కూడా 25 మిల్లీమీటర్ల వ్యాసంతో 4.85 గ్రాములే తూగేది. 2011 శ్రేణి రెండు రూపాయలవీ అవే కొలతలు. ఈ జతలో బిళ్ల మారిందని ఎవరైనా వాదిస్తే తూనిక ఆ వాదనను నిలబెట్టలేదు, పడగొట్టలేదు. అయస్కాంతం ఉపయోగమూ ఇటువంటిదే. నికెల్ బ్రాస్ ఐదు రూపాయల నాణెం అయస్కాంతానికి అంటుకుంటే లోపల ఉక్కు ఉందని మాత్రమే తెలుస్తుంది. అది పొరపాటున వచ్చిన ఉక్కు బిళ్లా, పూత పూసిన నకిలీయా అన్నది మళ్లీ అంచు చూసే తేల్చుకోవాలి.

రెండువైపులా బొమ్మే ఉన్న నాణెం అందరికీ ‘షోలే’ సినిమాలో జయ్ చేతిలోని నాణెం ద్వారా పరిచితం. బజారులో కనిపించే అటువంటివి దాదాపు అన్నీ రెండు నాణేలను లేతుమీద తొలిచి ఒకదానిలో ఒకటి అమర్చినవే. గట్టు లోపలి అంచువెంట భూతద్దంతో చూస్తే అతుకు దొరుకుతుంది, గచ్చుమీద పడేస్తే మోత మొద్దుగా ఉంటుంది.

4. రెండు లోహాల నాణెం

పది రూపాయల నాణెంలో పసుపురంగు వలయం, తెల్లని నడిబిళ్ల వేరువేరుగా తయారై, అచ్చుదెబ్బతోనే ఒకటవుతాయి. అందువల్ల నడిబిళ్ల లేని వలయం, పక్కకు జరిగిన నడిబిళ్ల వంటి దోషాలు వాస్తవంగానే సంభవిస్తాయి. నడిబిళ్లను సుత్తితో ఊడగొట్టడమూ సులభమే. నడిబిళ్ల లేకుండానే అచ్చుదెబ్బ తిన్న వలయంలో లోహం లోపలి ఖాళీ వైపు కొంత పాకుతుంది, రంధ్రపు అంచు నునుపుగా ఒరుగుతుంది. ఊడగొట్టిన వలయం లోపలి గోడమీద మాత్రం రెండు లోహాలు ఒకదాన్నొకటి పట్టుకున్న గాడి స్పష్టంగా నిలుస్తుంది, నడిబిళ్ల మీదికి సాగవలసిన గీతలు రంధ్రం అంచున ఠక్కున తెగిపోతాయి.

5. దోషం కాని తేడాలు

దోషమని భ్రమపడే తేడాలు కొన్ని అసలు దోషాలే కావు. పది కిరణాల పది రూపాయల నాణెం మంచిదా, పదిహేను కిరణాలది మంచిదా అన్న సందేహంతో రెండు తెలుగు రాష్ట్రాలలోనూ వ్యాపారులు ఆ నాణేలను నిరాకరించిన కాలముంది. అప్పటికి 14 నమూనాలలో పది రూపాయల నాణేలు విడుదలయ్యాయని, అన్నీ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018 జనవరి 17న ప్రకటించింది. నమూనా మార్పు టంకశాల నిర్ణయం, దోషం దాని నిర్ణయానికి విరుద్ధంగా జరిగినది. అచ్చు అరిగి అక్షరాలు లావెక్కడం, దెబ్బ తరువాత అచ్చు కాస్త కదిలి అక్షరం పక్కన చదునైన మెట్టులాంటి నీడ పడటం కూడా అంతగా విలువలేని విషయాలు. అచ్చులోనే అక్షరం రెండుసార్లు చెక్కుకుపోయినప్పుడు రెండు రూపాలూ గుండ్రంగా, సమానమైన ఎత్తుతో, మూలల్లో చీలికతో కనిపిస్తాయి. ఇవి అరుదు, మెట్టునీడలు కోకొల్లలు.

6. చేతిటంకణం: ప్రమాణం లేని చోట దోషమెక్కడిది?

ఇంతవరకు చెప్పిన లక్షణాలన్నిటికీ ఆధారం యంత్రం. హైదరాబాదులో 1803లో సుల్తాన్‌శాహీలో ఏర్పడిన టంకశాలలో చాలాకాలం చేతిపనే సాగింది. 1895 ప్రాంతంలో యంత్రటంకణం మొదలైంది, 1903లో టంకశాల సైఫాబాద్‌కు మారింది. చార్మినారు బొమ్మతో వచ్చిన నిజాం నాణేలు ఆ కాలానివే. 1950లో టంకశాల కేంద్రప్రభుత్వానికి చెందింది, 1997లో ఉత్పత్తి చర్లపల్లికి తరలింది. అంటే ఒకే ఊరి నాణేలలో 1895కు ముందు వాటికి ఒక కొలబద్ద, తరువాతి వాటికి మరో కొలబద్ద వాడాలి.

చేతితో కొట్టిన హాలి సిక్కా రూపాయిలో అచ్చు బిళ్లకన్నా పెద్దది. కనుక పాఠం మొత్తం ఏ ఒక్క రూపాయి మీదా పడదు. ఒకదానిపై సంవత్సరం తప్పిపోతుంది, ఇంకొకదానిపై టంకశాల పేరు తప్పిపోతుంది. యంత్రనాణేల పరిభాషలో ఇది కేంద్రం తప్పిన ముద్రణ. ఆనాటి కమ్మటీనికి మాత్రం ఇది మామూలు రూపాయి. పాత పెట్టెల్లో దొరికిన అటువంటి రూపాయిని అచ్చు తప్పిన అపురూపంగా అమ్మజూపేవారు అజ్ఞానులో మోసగాళ్లో అయి ఉంటారు. హాలి సిక్కాలమీద చిన్నచిన్న ముద్రలు, ఉలిగాట్లు కూడా తరచుగా కనిపిస్తాయి. వెండి నిజమో కాదో తేల్చుకోవడానికి సరాఫులు వేసిన గుర్తులవి. సేకర్తకు అవి హాని. ఆర్థికచరిత్ర పరిశోధకునికి అవి ఆ రూపాయి ఎన్ని చేతులు మారిందో చెప్పే సాక్ష్యం.

హానీ కాని, దోషమూ కాని వర్గం ఇంకొకటుంది, అదే పునర్ముద్రణ. నాసిక్ సమీపంలోని జోగల్‌తెంబిలో 1906లో 13 వేలకు పైగా వెండి నాణేలు బయటపడ్డాయి. అన్నీ క్షహరాత నహపాణునివి. వాటిలో సుమారు మూడింట రెండు వంతుల నాణేలపై గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్రలు మళ్లీ వేయించాడు. నహపాణుని ముఖం మీదుగా శాతవాహనుల చిహ్నం పడిన ఆ నాణేన్ని సందర్భం తెలియనివారు చూస్తే రెండుసార్లు దెబ్బపడిన దోషమనే అనుకుంటారు. కానీ వేలాది నాణేలపై ఒకే క్రమంలో, పాత రాజు ముద్రపై కొత్త రాజు ముద్రగా జరిగినది పొరపాటు కాజాలదు. అది ఒక రాజు మరొక రాజును గెలిచినట్లు లోహంలో చేసిన ప్రకటన. పరిశీలించేటప్పుడు మాత్రం సాంకేతికమైన ప్రశ్న అదే: ఏ బొమ్మ కింద ఉంది, ఏది పైన ఉంది?

7. అక్షరం మీద పడే ప్రభావం

తెలంగాణ చరిత్రలో ఈ చర్చకు అత్యంత ప్రాధాన్యమున్న చోటు కోటిలింగాల. గోబద, నారన, కంవాయ, సమగోప వంటి స్థానిక పాలకుల పేర్లతోనూ, ఛిముక శాతవాహనుని పేరుతోనూ అక్కడ దొరికిన నాణేలు పి.వి. పరబ్రహ్మశాస్త్రి వంటి పండితుల కృషితో వెలుగులోకి వచ్చి, శాతవాహనుల తొలినాళ్ల గురించిన ఆలోచననే మార్చాయి. శాతవాహన వంశమూలపురుషుని పేరు పురాణాలలో శిశుక, సింధుక, శిప్రక అని పలురూపాలలో ఉంది. నానాఘాట్ శాసనంలో సిముక అని ఉంది. నాణేలపై చదివిన రూపం ఛిముక. ఒక్క తొలి అక్షరంలోని వంపు మీద ఆధారపడిన విషయమిది. చిన్న నాణెం మీద కొన్ని మిల్లీమీటర్ల అక్షరంలో ఆ వంపు అచ్చులో చెక్కినదా, దెబ్బ రెండుసార్లు పడటంవల్ల ఏర్పడినదా, తుప్పు పొర లేచి మిగిలినదా అన్నది ముందు తేల్చుకోవాలి. ఒకే అచ్చునుంచి వచ్చిన పది నాణేలు పది సాక్ష్యాలు కావు, ఒకే సాక్ష్యానికి పది ప్రతులు. వేరువేరు అచ్చులతో కొట్టిన నాణేలమీద అదే అక్షరరూపం కనిపించినప్పుడే అది చెక్కినవాని ఉద్దేశమని నమ్మవచ్చు. మాతృకలు వేరైన ప్రతులలో ఒకే పాఠం ఉంటే దానికి బలమెక్కువని పరిష్కర్తలు భావించడం వంటిదే ఇది.

కొండాపూర్‌లో 1940 దశకం ఆరంభంలో నిజాం ప్రభుత్వ పురావస్తుశాఖ జరిపిన తవ్వకాలలో శాతవాహన నాణేలతో పాటు నాణేల తయారీకి వాడిన మట్టిఅచ్చులూ దొరికాయి. పోతపోసి చేసిన నాణేలూ ఆ కాలంలో ఉండేవన్న విషయం మరచిపోరాదు. కాబట్టి అంచున అతుకుగీత, ఉపరితలంపై గాలిబుడగల గుంటలు కనిపించినంత మాత్రాన ప్రాచీననాణెం నకిలీ అని తోసేయకూడదు. ముద్రకొట్టిన నాణేలుగా నిశ్చయమైన రకంలో ఆ లక్షణాలు కనిపిస్తేనే అనుమానానికి తావు. నేటి నకిలీలు ఎక్కువగా అసలు నాణేన్నే మూసగా వాడి పోసినవి. వాటిని పట్టించేది సాధారణంగా జత దొరకడమే. చేతితో కొట్టిన నాణేలలో అచ్చు ఒకటైనా అంచు చీలిక, బిళ్ల ఆకారం, ముద్ర పక్కకు జరిగిన తీరు ఎప్పుడూ ఒకేలా ఉండవు. ఆ మూడూ రెండు నాణేలలో అక్షరాలా ఒకేలా ఉంటే రెండూ ఒకే మూసలోంచి వచ్చాయి, లేదా ఒకటి రెండోదానికి మూస అయింది. ప్రకృతి ఒకే ప్రమాదాన్ని రెండుసార్లు చేయదు.

8. పరిశీలకుని చేతిలో

పరిశీలనకు కావలసిన సామగ్రి పెద్దది కాదు. పదిరెట్లు చూపే భూతద్దం, గ్రాములో నూరోవంతు చూపే తూనిక, వ్యాసం కొలిచే కాలిపర్, చిన్న అయస్కాంతం, పక్కనుంచి వెలుతురు వేయగల దీపం. వీటికి తోడు అదే రకానికి చెందిన మంచి నాణెం ఒకటి పక్కన ఉండాలి. ఈ చివరిదాన్నే చాలామంది విస్మరిస్తారు. పోల్చడానికి మంచి నాణెం లేకుండా చెప్పే తీర్పు ఊహే.

చేయకూడనిది మాత్రం ఒకటుంది. ఇత్తడి చెంబులు తోమినట్లు చింతపండుతోనో, బూడిదతోనో నాణేన్ని తోమరాదు. రాగిమీది పచ్చని పొర, వెండిమీది నల్లని పొర ఏ గాయం మీదుగా సాగాయో, ఏ గాయం దగ్గర ఆగాయో చూస్తేనే ఆ గాయం పాతదో కొత్తదో తెలుస్తుంది. తోమిన నాణెం మెరుస్తుంది, కానీ మాట్లాడదు. చెలామణి నాణేన్ని కరిగించడం, ధ్వంసం చేయడం 2011 నాటి నాణేల చట్టం ప్రకారం ఏడేళ్ల వరకు జైలుశిక్షకు దారితీయగల నేరమన్న సంగతి కూడా వినోదానికి కోతలు కోసేవారు తెలుసుకోదగ్గది.

పొలం దున్నుతుండగానో, పాత ఇల్లు పడగొడుతుండగానో నాణేలు దొరికితే, ఆ క్షణమే ఏది అసలు, ఏది కల్పన అన్న చర్చకు కూర్చోవలసిన పని లేదు. పది రూపాయలకు మించిన విలువగల నిధి దొరికితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిధుల చట్టం చెబుతోంది, నేటికీ అదే అమలులో ఉంది. పరిశోధన దృష్ట్యా కూడా మొదట నమోదు చేయవలసినవి ఎక్కడ దొరికాయి, ఎంత లోతులో, ఏ పాత్రలో, వాటితో పాటు ఇంకేమున్నాయి అన్నవే. కుండలోంచి వచ్చిన ముప్పై నాణేలు ఒకే చేతికి చేరితే వాటి అచ్చులను ఒకదానితో ఒకటి పోల్చవచ్చు. అవి ముప్పై ఇళ్లకు పంచుకుపోతే, ప్రతి ఇంట్లోనూ ఒక అచ్చు తప్పిన నాణెం మాత్రమే మిగులుతుంది.